కూర్మమ్మ పేరిట కోత డబ్బా

నా భార్య కూర్మమ్మ పేరు మా ఊరి వంటిళ్ళలో చెడిపోయింది. తప్పు ఆమెది కాదు. ఆమె పోయిన తరవాత జరిగిన పని ఇది.

మాది చీపురుపల్లికి దగ్గర పల్లె. మా ఊళ్ళో వంటింటి సామాను కొనే అలవాటు తగ్గిపోయింది. ఎవరైనా పోతే పెద్దకర్మ భోజనానికి వెళ్ళి తెచ్చుకుంటారు. తిని లేచిన ప్రతి ఇంటివారి చేతిలోనూ పోయినవారి పేరు వేయించిన వస్తువు ఒకటి పెట్టడం ఆచారం. చాలా మంచి ఏర్పాటు. కొత్త కోడలు కాపురానికి వచ్చేసరికి వంటిల్లు సిద్ధంగా ఉంటుంది. గణపతిరావు గారిలో పాలు కాగుతాయి. లక్ష్మణమ్మ గారిలో ఆవకాయ ఊరుతుంది. రాముణ్ణి తోమి బోర్లించమని అత్తగారు కోడలికి పురమాయిస్తుంది. ఇంట్లో హాట్ బాక్స్ లేనివాళ్ళు, ఊళ్ళో పెద్దమనిషి ఎవరైనా మంచం పట్టాడని తెలిస్తే పలకరించడానికి ముందుగా వెళతారు. దాన్ని తప్పుగా తీసుకోకూడదు. అవసరం అలాంటిది.

కూర్మమ్మ పేరిట ఏ వస్తువు ఇవ్వాలో తేల్చడానికి మా అరుగు మీద సమావేశం జరిగింది. అధ్యక్షత నా బావమరిది ధనరాజు వహించాడు. అతన్ని ఎవరూ ఎన్నుకోలేదు. ఇంట్లో ఉన్నది ఒకటే కుర్చీ, అందులో అతను ముందుగా కూర్చున్నాడు.

నేను అట్లకాడ ఇద్దామన్నాను. ఇనుపది, కమ్మరి చేత చేయించినది. కూర్మమ్మ దగ్గర అలాంటిదే ఉండేది. అంచు పలచగా అరిగి, పెనానికి అతుక్కున్న అట్టును చిరగకుండా లేపేది. పక్కింటి తాయారు అట్లు పోసినప్పుడల్లా దాన్ని అడిగి పట్టుకెళ్ళేది. వంటింట్లోకి ఒక వస్తువు తేవాలంటే చూడవలసింది ఒక్కటే, అది రేపు కూడా చేతిలోకి వస్తుందా, మూలకు పోతుందా అని. కూర్మమ్మ ఈ మాట ఎప్పుడూ అనలేదు. చేసి చూపింది. ఊళ్ళో ప్రతి పెనం పక్కనా ఆమె పేరు ఉండాలని నా కోరిక. అంతకు మించి ఏమీ కోరలేదు.

“పోయినోల్ల పేరున ఇనుము ఇస్తారేటి బావా?” అన్నాడు ధనరాజు. “ఇనుమంటే శని. పైగా అట్లకాడ సేతిలో పెడితే సూసినోల్లు ఏటనుకుంతారు? గతిలేనోల్లనుకుంతారు.”

శనికీ, చూసినవాళ్ళకీ ఒకేసారి భయపడగల మనిషి మా బావమరిది. సభ హర్షించింది.

తరవాత అతని కూతురు సుహాసిని ప్రసంగించింది. ఆమె ఫోనులో వంటలు చూపిస్తూ ఉంటుంది. ఆ వంటలు ఎవరు తింటారని అడగడం మర్యాద కాదు. వంటింట్లో సమయం ఎలా మిగుల్చుకోవాలన్న విషయం మీద చాలాసేపు మాట్లాడింది. చివరకు సంచిలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసింది. దాని మూతకు తాడు ఉంది. తాడు లాగితే లోపల రేకులు తిరిగి ఉల్లిపాయ ముక్కలవుతుంది.

“ఇప్పుడు కత్తిపీట ముందర ఎవులు కూకుంతన్నారు మావయ్యా?” అంది. “మూత మీద అత్త ఫొటో ఏయిద్దాం. తాడు లాగినప్పుడల్లా అత్త గురుతొస్తాది.”

ఆ మాటకు కొందరు కళ్ళు ఒత్తుకున్నారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నేను ఒప్పుకోలేదు గాని, దుఃఖంలో ఉన్నవాడి మాట లెక్కలోకి రాదని అధ్యక్షులవారు వివరించారు.

పెద్దకర్మ ఘనంగా జరిగింది. వచ్చినవాళ్ళంతా కూర్మమ్మను చంకన పెట్టుకుని వెళ్ళారు.

కొద్దిరోజులకే తాళ్ళు తెగడం మొదలైంది. ఫొటో మాత్రం ఎంత తోమినా చెరగలేదు. ఆ విషయంలో సుహాసిని ఎంపికను అందరూ మెచ్చుకున్నారు. పాడైన డబ్బాలు ఒకటొకటిగా మా అరుగు మీదకు చేరాయి. పోయినావిడ పేరిట ఇచ్చిన వస్తువును ఆమె మొగుడే బాగుచేసి ఇవ్వాలన్న కొత్త ఆచారం ఎవరి సాయమూ లేకుండా పుట్టింది. తాయారు కూడా వచ్చింది.

“అన్నియ్యా, వొదిన ఒక్క ఉల్లిపాయకే ఆగిపోనాది. గ్యారంటీ ఏటైనా ఉన్నాదేటి?”

ఈవిడ పొలానికి పోయిన రోజుల్లో ఈవిడ పిల్లలకు అట్లు పోసి పెట్టింది కూర్మమ్మ. గ్యారంటీ లేదన్నాను.

“ఇచ్చినప్పుడు గట్టిది సూసి ఇవ్వాల గదా,” అని డబ్బా అక్కడే పడేసి వెళ్ళింది.

సంవత్సరీకం దగ్గర పడగానే ధనరాజు మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అక్క పేరు నిలబడాలంటే ఈసారి కరెంటుతో నడిచే వస్తువు ఇవ్వాలన్నాడు. గుడ్లు ఉడకబెట్టే యంత్రం అతని దృష్టిలో ఉంది. గిన్నెలో నీళ్ళు పోసి గుడ్లు వేస్తే ఉడుకుతాయన్న సంగతి ఇంకా సభ దృష్టికి రాలేదు. సుహాసిని సంచి తెచ్చింది. ఆ సంచి నేను విప్పనివ్వలేదు.

సంవత్సరీకానికి భోజనం పెట్టాను. పనసపొట్టు కూర, గారెలు, పరమాన్నం. అందరూ కడుపునిండా తిన్నారు. చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చున్నారు. ఎవరూ లేవలేదు. అందరి చూపులూ నా చేతుల మీదే ఉన్నాయి. చివరకు తాయారే నోరు విప్పింది.

“ఏటిస్తన్నావన్నియ్యా?”

“ఏటీ లేదు. తిన్నారు గదా.”

అప్పటిదాకా కూర్మమ్మ గురించి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అప్పుడు అందరూ అన్నారు. ఆవిడే బతికి ఉంటే మమ్మల్ని ఒట్టి చేతులతో పంపేది కాదని చెప్పుకుంటూ వెళ్ళారు. నేను ఆమె కర్మ సరిగా జరిపించలేదనీ, అందుకే ఆమె ఇంకా పైకి చేరలేదనీ ఊరు తేల్చింది. ధనరాజు దానికీ అధ్యక్షత వహించాడని విన్నాను.

ఇది చదివి మీరు నవ్వుకుంటున్నారు. నవ్వండి. తరవాత లేచి వెళ్ళి మీ వంటింట్లో గిన్నె ఒకటి తిరగేసి చూడండి. ఎవరిదో పేరు ఉంటుంది. రోజూ అందులోనే తింటున్నారు. ఆ పేరు ఎప్పుడు చదివారు? సొట్ట పడ్డ రోజున చదివి ఉంటారు, ఎవరిచ్చారో తిట్టుకోవడానికి.

నేను చెప్పవలసింది అయిపోయింది. ఇక ఈ సంగతి ఎవరు ఎత్తినా నేను పలకను.