ఓనరు గారికి సెలవు లేదు

నితాఖత్‌ను తిట్టేవాళ్లకు బుద్ధి లేదు! ఎంతమంది సౌదీలను పనిలో పెట్టుకుంటే కంపెనీకి ఏ రంగు వస్తుందో తేల్చే ఆ చట్టమే లేకపోతే, జగిత్యాల దగ్గరి పల్లెలో పుట్టిన ఒక పైప్ ఫిట్టర్ సౌదీలోని యాన్బులో పారిశ్రామికవేత్త అయ్యేవాడా?

ఆ పారిశ్రామికవేత్త భూమేష్ గారు. ఈ వ్యాసం రాస్తున్నదీ ఆయనే. 'గారు' కూడా ఆయనే తగిలించుకున్నారు. ఓనరన్నాక ఆ మాత్రం ఉండొద్దూ?

అంతకుముందు ఆయన ఒక సప్లై కంపెనీ మనిషి. ఇకామా, అంటే సౌదీలో ఉండనిచ్చే కార్డు, వాళ్లది; పని రిఫైనరీలది. సెలవు కావాలని కంపెనీలో అడిగితే "సైట్‌లో అడుగు" అనేవారు. సైట్‌లో అడిగితే "నువ్వు మా మనిషివి కాదుగా" అనేవారు. ఎంత గొప్ప ఏర్పాటో చూశారా! ఇద్దరు యజమానులున్నా, సెలవు లేదన్న పాపం ఒక్కరికీ అంటదు. బుద్ధి ఉన్నవాడైతే అక్కడే ఉండిపోయేవాడు.

నితాఖత్ గట్టిపడి, ఒక్కో విదేశీ కూలీ మీద సర్కారుకు కట్టే లెవీలు పెరిగిన ఏడాది ఆ కంపెనీ సగం మందిని ఇంటికి పంపేస్తుంటే, భూమేష్ గారు విదేశీ కూలీలకు పూచీ ఉండే అబూ సాలెం అనే ముసలి సౌదీ కఫీల్‌ను పట్టుకున్నారు. ఆయన పేరిట ఒక ముఅస్ససా, అంటే మన లెక్కలో చిన్న కంపెనీ, తెరిపించారు. కాగితాల్లో ఓనరు అబూ సాలెం. పని తెచ్చేది, చేసేది, చేయించేది భూమేష్ గారు. మరి కాగితాల్లో ఈయన ఎవరంటారా? లోడింగ్ కూలీ! తన కంపెనీలో తానే అందరికంటే కింది ఉద్యోగి అయిన ఓనరును మీరెక్కడైనా చూశారా? అయినా విజిటింగ్ కార్డులు కొట్టించారు. గిర్రున తిరిగే కుర్చీ కూడా కొన్నారు.

కంపెనీ ఆకుపచ్చ రంగులో ఉండాలంటే ఒక సౌదీ ఉద్యోగి తప్పనిసరి. అబూ సాలెం తన కొడుకు సాలెం పేరు రాయించాడు. సాలెం ఆఫీసుకు ఒక్కసారే వచ్చాడు, అదీ బాత్రూమ్ కోసం. అయినా కంపెనీ మొత్తానికి ప్రాణం అతనే. అతను చల్లగా ఉండాలని భూమేష్ గారు రోజూ దేవుడికి దండం పెట్టుకునేవారు.

అట్లాంటి శుభ ఘడియల్లో ఇంటి నుంచి భార్య పుష్ప ఫోన్ చేసింది.

"కడుపుల గడ్డ ఉన్నదట. గర్భసంచి తియ్యాలన్నరు. నాకు భయమైతున్నది. నువ్వొస్తవా?"

"గదేం మాటనే? నా కంపెనీ! నాకు సెలవియ్యనంటానికి ఎవడున్నడు?"

ఎవడున్నాడో వారంలో తెలిసింది. ఒక ప్లాంటులో యంత్రాలు ఆపి మరమ్మతు చేసే ముప్పై రోజుల షట్‌డౌన్ పని తగిలింది. కూలీ భూమేష్ సెలవడిగాడు. ఓనరు భూమేష్ గారు కుర్చీలో అటూ ఇటూ తిరిగి, "షట్‌డౌన్ అయినంక చూద్దాం" అన్నారు. పద్నాలుగేళ్లలో ఆయన ఎంతోమంది మేనేజర్ల, అదే ముదీర్ల, నోట ఆ మాట విన్నారు. ఇంత రాతిగుండె ముదీర్‌ను మాత్రం చూడలేదు!

ఆయన దగ్గర పనిచేసే కడప ఖాసిం ఊరుకోలేదు.

"అన్నా, నువ్వు పోయి రా. పైపులు యాడికీ పోవు. నేనుండా కదా!"

"నీకేం తెలుస్తదిరా? ఓనరు లేకుంటే కాంట్రాక్ట్ మళ్ల ఇస్తరా?"

"సప్లై కంపెనీవాళ్లు గూడా ఇట్లనే అంటాంటిరి," అన్నాడు ఖాసిం. క్రమశిక్షణ లేని ఉద్యోగి! ఓనరు గారు అతనితో మూడు రోజులు మాట్లాడలేదు.

షట్‌డౌన్ దిగ్విజయంగా ముగిసింది. ఓనరు గారు దయతలచి కూలీకి సెలవు మంజూరు చేశారు. ఇకామా రెన్యూ చేయించి, పోయి మళ్లీ రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా తీయడమే మిగిలింది. సరిగ్గా అప్పుడే సాలెంకు ఏదో సర్కారు ఆఫీసులో ఉద్యోగమొచ్చింది. అబూ సాలెం ఖర్జూరాలు పంచాడు. భూమేష్ గారు కూడా రెండు తిన్నారు. సర్కారు ఉద్యోగి పేరు ఇంకో కంపెనీలో ఉండకూడదు గనక, ఉన్న ఒక్క సౌదీ పోయేసరికి కంపెనీ కాస్తా ఎరుపులో పడింది. ఎరుపులో ఉంటే ఇకామా రెన్యూ కాదు. ఇకామా లేనిదే రీ-ఎంట్రీ రాదు. మిగిలింది ఫైనల్ ఎగ్జిట్ ఒక్కటే, పోతే మళ్లీ రావడం ఉండదు.

అబూ సాలెం నిజంగానే బాధపడ్డాడు. "సబర్, ఓపిక పట్టు, ఇంకొకణ్ణి వెతుకుదాం" అని ధైర్యం చెప్పాడు. సౌదీలో ఒక్క సౌదీ దొరక్క భూమేష్ గారు పదిహేను రోజులు రోడ్లు కొలిచారు.

పదహారో రోజు పుష్ప ఫోన్ చేసింది.

"రేపు పొద్దున ఆపరేషన్. ఇంకా ఆగితే మంచిది కాదన్నరు. మొగని సంతకం అడిగిండ్రు. నా మొగడు ఓనరు, సెలవు దొరకలేదన్న. నర్సులు ఒకటే నవ్వుడు. నేనే పెట్టిన సంతకం."

భూమేష్ గారికి ఏడుపొచ్చింది. ఓనర్లు ఏడవకూడదని ఏ చట్టంలోనూ లేదు గనక, కడుపారా ఏడ్చారు.

"ఊకో," అన్నది పుష్ప. "ఆపరేషన్ నాకా, నీకా?"

"ఈ కంపెనీ బంద్ వెడ్తనే. సప్లై కంపెనీల మళ్ల చేర్త. లేకుంటే ఇంకో కఫీల్‌ను చూస్త. ఏది మంచిగుంటదంటవు?"



"ఏదన్న చెయ్యి. సెలవిచ్చేటోడు మాత్రం నువ్వు గాకుండ చూస్కో."