నునుపు మాస్టారి అంచు

కట్టుడు పళ్ళు చేయడంలో నునుపు మాస్టారికి పెద్ద పేరు. చిగుళ్ళు నొప్పిపెట్టకుండా పళ్ళ సెట్టు లోపల ఆయన వేసే మెత్తటి పొర ఎక్కడ అయిపోయిందో నాలుకకు తెలియదని అందరూ అంటారు. వినీ వినీ మాస్టారూ నమ్మేశారు.

అందుకే అత్తగారి సెట్టుకు పొర వేసినప్పుడు, రోజూలా సాయంత్రం బల్ల మీద వదిలేయకుండా నేరుగా ఆవిడ నోట్లో పెట్టించారు. "మా అల్లుడికి మాటలెక్కువ" అనే ఆ నోటితోనే మెప్పు పొందాలని ఆయన పన్నాగం.

"గుచ్చుకుంటోంది అల్లుడుగారూ" అందావిడ. మూడు రోజులుగా పాలు తాగి బతుకుతోంది. "రేపటికి బాగవకపోతే ఎదురు షాపుకి వెళ్తా."

ఎదురు షాపా! మాస్టారు సెట్టు తీసుకుని పాలిష్ మోటారు ఫుల్ స్పీడులో పెట్టారు. గట్టి ప్లాస్టిక్ అయితే అద్దంలా మెరిసేదే. మెత్తటి పొర మాత్రం వేడెక్కి, సాగి, పీలికలైంది.

"ఏం చేస్తున్నారండీ?" గుమ్మంలో భార్య.

"ఏం లేదే, ఫినిషింగు."

"దేనికి? మా అమ్మకా?"

ఆవిడ సెట్టు లాక్కుని ఐసు నీళ్ళ గిన్నెలో పడేసింది.

"అదేమన్నా చొక్కానా, నానబెట్టడానికి!"

"మెత్తగా ఉన్నంతసేపూ అది మీ మాట వినదు. కాస్త బిగుసుకోనివ్వండి."

పది నిమిషాలకు తీసి, తుడిచి, కొత్త బ్లేడుతో పీలికలు కోసింది. మోటారు వేగం బాగా తగ్గించి, మెత్తటి వైపు నుంచి గట్టి వైపుకే, తాకీ తాకనట్టు అంచుకి పాలిష్ పట్టింది. కాస్త వేడెక్కితే మళ్ళీ ఐసు నీళ్ళలోకి. మాస్టారు సెట్టు అందుకుని చూశారు. వేలితో రాస్తే పొర ఎక్కడ ఆగిందో తెలియలేదు.

"ఇది... అచ్చం నా అంచులాగే ఉందే!"

"ఎందుకుండదూ? మీరు బల్ల మీద వదిలేసి పేపరు చదువుకునేటప్పుడు రోజూ చేసేది నేనేగా."

"ఎన్నాళ్ళుగా?"

"పన్నెండేళ్ళు."

"ఒక్కసారైనా చెప్పలేదేమే?"

"జనం మెచ్చుకుంటుంటే అంత సంబరపడేవారు. ఎలా చెప్పను?"

మాస్టారికి కోపం రావాలి. రాలేదు. పన్నెండేళ్ళుగా పక్కనే ఉన్న ఆ చేతుల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

అత్తగారు సెట్టు పెట్టుకుని, నాలుకతో అంచంతా తడిమి, ఆపిల్ ముక్క కరకరా నమిలింది.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అత్తయ్యగారూ, నిజానికి ఇది..."

"తెలుసు లెండి. మొన్న గుచ్చుకున్నప్పుడే అనుకున్నా, మా అమ్మాయి చెయ్యి పడలేదని."

అంటే, తెలియనిది తనొక్కడికే! మాస్టారు తలొంచుకుని వంటింట్లోకి వెళ్ళి, రేపటి సెట్ల కోసం ఐసు ట్రేలో నీళ్ళు నింపారు.