నార్వల్ కుడి చెంప

ఆ ఆదివారం పొద్దున నార్వల్ ఆసెన్ పెట్టుకున్న పని ఒక్కటే: ఆరాధనకు వెళ్లేలోగా గడ్డం నున్నగా గీసుకోవడం. మనవరాలు బ్రిట్టాకు ఆ రోజు బాప్తిస్మం. ఆసెన్ల ఇంట పుట్టిన ప్రతి బిడ్డనూ బాప్తిస్మపు తొట్టి దగ్గర తాతే ఎత్తుకోవాలి. చిక్కేమిటంటే, నార్వల్ చెంప తగిలితే చాలు, బ్రిట్టా ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది.

"నీ గడ్డం గుచ్చుకుంటోంది నాన్నా," అంది కూతురు కారిన్ ముందురోజు. "రేపు కూడా ఏడిస్తే వాళ్ల నాన్న ఎత్తుకుంటాడులే. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోనన్నాడు నార్వల్. మిన్నెసోటాలో అంతకంటే గట్టిగా బాధపడడం ఎవరికీ చేతకాదు.

అందుకే నేలమాళిగలోంచి తండ్రి రేజరు తీశాడు. పిడి అడుగున తిప్పితే పైన రెండు తలుపులు తెరుచుకునే బరువైన రేజరు అది. కప్పులో బ్రష్షుతో నురగ తిప్పగానే స్నానాల గదిలోకి నాన్న వచ్చినట్టే అయింది. అదే సబ్బు వాసన, ముక్కులోంచి తీసే అదే కీర్తన, చర్చిలో ఒళ్లో కూర్చుంటే తగిలే ఆ చల్లని చెంప. నార్వల్ కళ్లు చెమ్మగిల్లాయి. ఆ చెమ్మలోనే, ప్లాస్టిక్ రేజరుకు అలవాటుపడిన చేత్తో గట్టిగా నొక్కి లాగాడు.

"దాని బరువు చాలురా, నువ్వు ఊరికే పట్టుకో," అని నాన్న చెప్పిన సంగతి కుడి చెంప పూర్తయ్యాక గుర్తొచ్చింది.

"ఇదేం గీసుకోవడం? కోడిని కోసినట్టుంది!" అంటూ భార్య ఆర్డిస్ టాయిలెట్ కాగితం చింపి గాట్ల మీద అంటించింది. రక్తం ఆగలేదు. స్నేహితురాలు ఫిలిస్‌కు ఫోను చేసింది.

"ఫిలిస్, నార్వల్‌కు రక్తం ఆగడం లేదు. నీ దగ్గర పటిక... అయ్యో, ఉండు, మళ్లీ కారుతోంది!"

రిసీవరు వదిలేసి పరుగెత్తింది. ఫిలిస్ ఎన్నిసార్లు తిరిగి చేసినా ఎంగేజే. ఆ రిసీవరు వంటింటి గోడకు వేలాడుతోందని ఆమెకేం తెలుసు?

చర్చిలో ప్రార్థన గొలుసు అని ఒకటుంది. ఆపద తెలిసినవారు ఇంకొకరికి ఫోను చేయాలి, ఆ ఇంకొకరు మరొకరికి. అందరూ ప్రార్థించి, ఆ ఇంటికి హాట్‌డిష్ అనే ఓవెన్లో వండిన వంటకం పంపాలి. ఫిలిస్ రక్తం ఆగడం లేదంది. తర్వాతి ఆవిడ అంబులెన్సు పిలిచింది. ఆ తర్వాతి ఆవిడ ఆస్పత్రిలో చేర్చింది. చివరి ఆవిడ ఆపరేషన్ కూడా మొదలుపెట్టించి, ఆరాధన మొదలవుతుండగా పాస్టరు గారి చెవిన వేసింది.

ఎడమ చెంప జోలికి పోకుండా, మంటకు భయపడి రోజూ పూసుకునే సెంటైనా పూసుకోకుండా, నార్వల్ ఆర్డిస్‌తో కలిసి ఆలస్యంగా చర్చి చేరాడు. అందరూ తలలు వంచి ఉన్నారు. "ప్రభువా, ఆపరేషన్ బల్ల మీదున్న ఈ సహోదరుణ్ని కాపాడు," అంటున్నారు పాస్టరు గారు. ఎవరో పాపం అనుకుని నార్వల్ కూడా వెనక నిలబడి మనసారా ప్రార్థించాడు.

"మా నార్వల్‌ను మాకు తిరిగివ్వు."

నార్వల్ ఆమేన్ సగంలోనే ఆగిపోయింది. ఎవరో దగ్గితే అందరూ వెనక్కి తిరిగారు.

"ఇచ్చేశాడు!" అంది ఫిలిస్.

కారిన్ ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. "నాన్నా! నువ్వు బాగానే ఉన్నావా?" అంటూ, కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక బిడ్డను అతని చేతుల్లో పెట్టేసింది.

నార్వల్ ఊపిరి బిగబట్టాడు. బ్రిట్టా అతని కుడి చెంప మీది కాగితం ముక్క పీకి కింద పడేసింది. తర్వాత ముళ్లలాంటి ఎడమ చెంపకు మొహం రుద్దుకుని ఆవులించింది.

కారిన్ తండ్రిని వాసన చూసింది. "ఇవాళ సెంటు పూసుకోలేదా?"

"ఆ గాట్ల మీద పూసుంటే ఈయన కేకకు చర్చి కప్పు లేచిపోయేది," అంది ఆర్డిస్.

"అయితే దీనికి పడనిది గడ్డం కాదన్నమాట!" అంది కారిన్.

ఆ సెంటు సీసా ఎవరిచ్చారని ఎవరూ అడగలేదు. ప్రతి క్రిస్మస్‌కూ ఇచ్చేది కారినే. తల మీద నీళ్లు పడ్డా బ్రిట్టా తాత చేతుల్లో కిక్కురుమనలేదు.

సాయంత్రం నార్వల్ మిగిలిన చెంప గీసుకున్నాడు, ఈసారి నొక్కకుండా. అచ్చం నాన్న చెంపలా వచ్చింది. వాడిన బ్లేడును స్నానాల గది అద్దాల బీరువా వెనక గోడలో, పాత బ్లేళ్లు పడేసేందుకే ఉన్న సన్నని చీలికలోకి జార్చాడు. ఆ ఇంట్లోనే బతికిన నాన్న ఏనాడో పడేసిన బ్లేళ్ల మీద పడి అది టింగుమంది. జరగని ఆపరేషన్ కోసం చేసిన ప్రార్థనలన్నీ ఏమవుతాయా అని కాసేపు ఆలోచించాడు. నిజంగా బల్ల మీదున్న మరెవరికో దేవుడు మళ్లించి ఉంటాడనుకుంటే మనసుకు హాయిగా అనిపించింది.

హాట్‌డిష్‌లను మాత్రం ఎవరూ మళ్లించలేదు. ఈస్టర్ దాకా ఆ ఇంటి ఫ్రీజరు తలుపు సరిగా మూతపడలేదు.