మోతీలాల్ మట్టి పరీక్ష

ఆ పొద్దున మోతీలాల్ వేసుకున్న పథకం చిన్నదే. ఖమ్మం వెళ్లాలి, ల్యాబులో పరీక్షకు రక్తం ఇవ్వాలి, చడీచప్పుడు లేకుండా తండాకు తిరిగి రావాలి. యాభై ఎనిమిదేళ్ల వయసులో తాను ఎత్తలేకపోయిన యూరియా బస్తాను మొన్న భార్య కమ్లి ఒక్క ఊపున భుజానికెత్తింది. అప్పటినుంచి మనిషికి మనశ్శాంతి లేదు. వయసు మళ్లిన మగవాళ్లలో జింకు తగ్గితే మగ హార్మోను కూడా తగ్గవచ్చని ఫోనులో ఎవరో డాక్టరు చెప్పగా విన్నాడు.

"ఏడికి పోతున్నవ్?" అంది కమ్లి.

"మట్టి పరీక్షకు."

గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే. ఒంట్లో నలతగా ఉందంటే సరిపోయేది. కమ్లి అప్పటికప్పుడు మిరప చేనులో ఏడు చోట్ల తవ్వి, సంచి నిండా మట్టి చేతికిచ్చింది. ఆ సంచిని ఖమ్మం బస్టాండులో ఓ మూల వదిలేసి ల్యాబుకు పోయాడు మహానుభావుడు. రిపోర్టు పంపడానికి ఫోను నంబరు అడిగితే, నోటికొచ్చిన ఒకే ఒక్క నంబరు చెప్పాడు. అది కమ్లిది.

మూడో రోజు అతను చేనులో ఉండగా కమ్లి ఫోనుకు రిపోర్టు రానే వచ్చింది. సిగ్నల్ సరిగా లేక మొదటి పేజీయే తెరుచుకుంది.

"మామ పేరే ఉన్నది. జింకు బాగ తక్కువున్నదట అత్తా," అని చదివింది కోడలు సరళ.

పక్క చేను సోమ్లా అది విన్నాడు. "మీ చేన్ల లేకుంటే నా చేన్ల యాడ ఉంటది?" అన్నాడు. మోతీలాల్ ఇల్లు చేరేసరికి వాకిట్లో ఎనిమిది మంది రైతులు, ఆటో నిండా జింకు బస్తాలు, కమ్లి పిలిపించిన వ్యవసాయాధికారి.

"అవసరం లేకుండ కొడితే ఆకు మాడుతది. రిపోర్టు చూడనియ్యండి," అని అధికారి ఫోను అందుకున్నాడు. ఈసారి రెండో పేజీ కూడా తెరుచుకుంది. అది నలుగురిలో చదివేది కాదని ఆయన మోతీలాల్ వైపు చూశాడు. మోతీలాల్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. సోమ్లా ఆగలేదు, మందు కలిపిన పంపు వీపుకు తగిలించుకున్నాడు. పూత మీదున్న చేను. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, ఎనిమిది మంది పంట పోతుంది.

"ఆగు సోమ్లా. తక్కువున్నది చేన్ల కాదు, నాకు."

"నీకేం తక్కువ?" అంది కమ్లి.

"జింకు. ఇగ... మగ హార్మోను."

"మరి నేను తవ్విన మట్టి ఏడవోయింది?"

మోతీలాల్‌కు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అందరూ విరగబడి నవ్వుతారని కళ్లు మూసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. సోమ్లా పంపు దించి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఆ ల్యాబు పొద్దుగాల ఎన్ని గంటలకు తెరుస్తరు?"

మిగతా ఏడుగురూ యాభై దాటినవాళ్లే. ఒకరి తర్వాత ఒకరు అడ్రసు అడిగి రాయించుకున్నారు.

అడగనివాడు వ్యవసాయాధికారి ఒక్కడే. ల్యాబు అడ్రసుతో సహా రిపోర్టును ఆయన అప్పటికే ఫొటో తీసుకున్నాడు.