గుమ్మం పక్కన ప్రైవసీ

పేరు లేకుండా బతకడంలో ఉన్న సుఖం పేరున్నవాళ్లకేం తెలుస్తుందండీ! ఈ మధ్య మా బందరులో ఆ సుఖాన్ని ఉచితంగా పంచిపెడుతున్నారు.

గిలకలదిండి హార్బరు పక్క వీధుల్లో ఓ పరిశోధన సంస్థ వారు ఊపిరితిత్తుల జబ్బుల రిజిస్ట్రీ మొదలుపెట్టారు. జబ్బున్నవాళ్లని నమోదు చేసుకుని, ఏళ్ల తరబడి గమనిస్తారట. మంచి పనే, కాదనను. పైగా ప్రైవసీ విషయంలో వాళ్లంత నిష్ఠాపరుల్ని నేనింతవరకూ చూడలేదు. పేరు రాయరు! ఇంటిపేరు రాయరు! ఫోను నంబరు అసలే అడగరు! మనిషికో కోడ్ నంబరు, అంతే. టాబ్‌కి పాస్‌వర్డు, ఆ పైన ఓటీపీ. బ్యాంకులో మన డబ్బుకైనా ఇంత కాపలా ఉందా?

మరి పేరు లేకపోతే రెండోసారి వచ్చినప్పుడు మనిషిని పట్టుకునేదెలా? అక్కడే ఉంది వాళ్ల తెలివి. పోలియో చుక్కల వాళ్లు గోడ మీద సుద్దముక్కతో రాసి వెళ్తారు చూడండి, అలా ఆ నంబరుని గుమ్మం పక్కనే రాసేశారు. సుద్ద చెరిగిపోతుందని ఎర్ర పెయింటుతో!

తర్వాత ఐస్ ఫ్యాక్టరీ గోడకి నోటీసు అంటించారు. 'జబ్బు ముదిరినవారు మళ్లీ పరీక్షకు రావలెను: 9, 17, 31.' చూశారా, ఒక్క పేరు లేదు! చదివినవాళ్లంతా ఎవరి పేరూ తెలుసుకోకుండానే పదిహేడో నంబరు గుమ్మం వైపు చూశారు.

ఆ ఇల్లు తాతమ్మది. ముప్పై ఏళ్లుగా గంపతో మా వీధికి చేపలు తెచ్చే మనిషి. ఆమెది పొయ్యి పొగతో వచ్చిన ఆయాసం, ఎవరికీ అంటుకునేది కాదు. డాక్టరే ఆమెకి చెప్పాడు. ఆ ఒక్క మాట వీధిలో నలుగురికీ చెప్పమని రిజిస్ట్రీ ఉద్యోగి సాయికిరణ్‌ని ఆమె బతిమాలింది.

"అమ్మో, పేషెంటు సంగతులు బయట మాట్లాడకూడదండీ. రూల్సు ఒప్పుకోవు!" అన్నాడతను.

ఎంత నిష్ఠ! జబ్బుందని ఊరంతటికీ తెలియవచ్చు, అంటదని మాత్రం పొక్కకూడదు.

దాంతో తాతమ్మకి ఎక్కడలేని విశ్రాంతీ దొరికింది. గంప దించమనేవాళ్లు లేరు. బేరమాడి ప్రాణం తీసేవాళ్లు లేరు. పొద్దున ఎత్తుకెళ్లిన కానాగంత చేపలు ఒక్కటీ తగ్గకుండా సాయంత్రం ఇంటికి చేరుతున్నాయి. నెల రోజులుగా మా ఆవిడ కూడా మార్కెట్లోనే కొంటోంది. నేను నోరెత్తలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆ సిగ్గుతోనే మొన్న తాతమ్మని వెంటబెట్టుకుని రిజిస్ట్రీ ఆఫీసుకి వెళ్లాను.

"నా నంబరు తీసెయ్యండి బాబూ. బేరాల్లేక పొయ్యి వెలగట్లేదు," అందామె.

సాయికిరణ్ లేచి నిలబడి మరీ మర్యాద చేశాడు. "తప్పకుండా తీసేస్తాం తాతమ్మ గారూ, అది మీ హక్కు. కాకపోతే మా దగ్గర పేర్లుండవు కదండీ. పదిహేడో నంబరు మీరేనని మాకెలా తెలుస్తుంది?"

తాతమ్మ వీధి వైపు చెయ్యి చూపించింది.

"బయట ఎవర్నైనా అడుగు బాబూ, చెప్తారు."