కుంకుళ్ళున్నాయి, కూర్చోండి

ఒక పెద్ద అడవిలో ఒక పెద్ద కొట్టూ, దాని చుట్టూ నలభై చిన్న కొట్లూ ఉండేవి. పెద్ద కొట్టు ఏనుగుది. పేరు 'మత్తేభం అండ్ సన్స్'. సన్స్ ఎవరూ లేరు, ఏనుగు బ్రహ్మచారి. కానీ ఆ మాట లేకపోతే కంపెనీ అనిపించుకోదని దాని భయం.

చిన్న కొట్లలో పేరున్నది ఉడుత సూరమ్మది. చెట్టు తొర్రలో తొమ్మిది డబ్బాలు, అంతే సరుకు. అయినా ఏమడిగినా లేదనదు. "ఉంది బాబూ, కూర్చో" అని పీట వేసి, వెనక దారిన పక్క కొట్టుకి పరిగెత్తి తెచ్చిస్తుంది. పక్క కొట్టువాళ్ళూ అంతే. వచ్చిన బేరాన్ని వదులుకోవడం ఆ అడవిలో మహాపాపం.

ఒకరోజు సూరమ్మ చిన్న కొట్ల సంఘం పెట్టింది. "ఏనుగు లేకపోతే అడవి ఆగిపోతుందా? నలభై కొట్లూ కలిస్తే మనమే నాలుగు ఏనుగులం!" అంది. చప్పట్లే చప్పట్లు. ఆ ఊపులో తిన్నగా సింహంగారి సభకెళ్ళింది.

"ఏలినవారు ఏదడిగినా పొద్దుగూకేలోగా తెస్తాను. తేలేకపోతే నా తొర్ర ఏనుక్కి రాసిస్తాను."

సభలోనే ఉన్న ఏనుగు పగలబడి నవ్వింది. "నేను తేలేకపోతే నా గోదాం సూరమ్మకి!"

ఆకుల మీద వేలిముద్రలు పడ్డాయి. ఏనుగు ముద్రకి ఒక ఆకు చాలక నాలుగు అరిటాకులు కలిపి కుట్టారు. సూరమ్మకి ఆ తొర్రే కొట్టు, ఆ తొర్రే ఇల్లు. పందెం సంగతి మొగుడికి చెప్పనేలేదు.

సింహంగారు ఆ పూట తలంటుకి కూర్చున్నారు. జూలు నిండా నువ్వులనూనె కారుతోంది.

"కుంకుడుకాయలు. రెండు దోసిళ్ళు" అన్నారు.

"ఉన్నాయి, కూర్చోండి!" అని ఇద్దరూ ఒకేసారి అరిచి పరిగెత్తారు.

సూరమ్మ డబ్బాల్లో ఒక్క కాయ లేదు. ముంగిస కొట్టుకి పరిగెత్తింది. "కుంకుళ్ళున్నాయా అన్నయ్యా?"

"ఎందుకు లేవు చెల్లెమ్మా, కూర్చో" అని ముంగిస వెనక దారిన కుందేలు కొట్టుకి పోయింది. కుందేలు దానికి పీట వేసి నక్క కొట్టుకి పోయింది. అలా అలా వరస చివరి కొట్టు పందిది. పంది ఏనుగు గోదాం వెనక తలుపు కొట్టింది.

"ఉన్నాయి, కూర్చో" అంది ఏనుగు. దాని దగ్గరా లేవు. అది మాత్రం ఎవరి దగ్గర తెస్తుంది? ఎప్పుడూ తెచ్చే చోటికే పోయింది. సూరమ్మ తొర్రకి.

తొర్రలో సూరమ్మ మొగుడున్నాడు. "కుంకుళ్ళా? మా ఆవిడ తేవడానికే వెళ్ళిందండీ, వచ్చేస్తుంది. కూర్చోండి" అని తొర్ర బయట పీట వేశాడు. పీట విరిగింది. ఏనుగు నేలమీదే కూర్చుంది.

మధ్యాహ్నానికి అడవిలో వ్యాపారులంతా ఒకరి కొట్టులో ఒకరు కూర్చుని కాళ్ళూపుతున్నారు. ఏ కొట్టులో అడిగినా కుంకుళ్ళున్నాయి. కళ్ళకి మాత్రం ఎక్కడా కనపడవు.

సింహంగారి కళ్ళలోకి నూనె దిగింది. జూలుకి చీమలు పట్టాయి. ఆయన గర్జించబోతే నోట్లోకీ నూనె పోయి గుడగుడమని శబ్దం వచ్చింది. సభంతా కిందపడి నవ్వింది.

సభలో ఓ మూల ఉన్న తాబేలు తాత, "చెట్టు వాగు అవతలే కదర్రా" అని గొణుక్కుంటూ నడక మొదలుపెట్టాడు.

పొద్దుగూకింది. అందరినీ పీటల మీంచి లేపి సభకి లాక్కొచ్చారు. సింహంగారు ఒంటికన్నుతో ఆకులు చదివారు. "సూరమ్మ ఓడింది, తొర్ర ఏనుక్కి. ఏనుగూ ఓడింది, గోదాం సూరమ్మకి. పోండి, కళ్ళు మండుతున్నాయి!"

అప్పుడు వచ్చాడు తాబేలు తాత, బుగ్గల నిండా కుంకుళ్ళతో. మాట్లాడితే నురగ.

"ఎక్కడివి?" అన్నారు సింహంగారు.

"చెట్టువి."

"నేరుగా చెట్టు నుంచా!" సూరమ్మా ఏనుగూ ఒక్క గొంతుతో గోలపెట్టారు. "ఇలాగైతే వ్యాపారం ఏమైపోవాలి?" తాత మీద ఫిర్యాదు మాత్రం ఇద్దరూ కలిసే రాశారు.

సూరమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ వెళ్ళి గోదాం తలుపు తీసింది. లోపల తొమ్మిది డబ్బాలున్నాయి. పెద్ద డబ్బాలు. ఏడుపు ఆగిపోయింది.

తెల్లారేసరికి బోర్డు మారింది. 'సూరమ్మ అండ్ సన్స్'. తొర్రలో తొండం ఒక్కటే దూర్చుకున్న ఏనుగు కూడా బోర్డు కట్టింది. 'చిన్న వ్యాపారిని ఆదరించండి'.

తాబేలు తాత గోదాం ముందుకొచ్చాడు. "ఉప్పుందా అమ్మా?"

సూరమ్మ తలెత్తలేదు. "ఉంది. వరసలో నిలబడు."

"కూర్చోడానికి పీట...?"

"కంపెనీలో పీటలుండవు తాతా."

నీతి: పెద్ద కంపెనీ చోటికి చిన్న కొట్టు నిక్షేపంగా రాగలదు, రాగానే పీట తీసేస్తుంది.