మోకాళ్లూనిన బండి

నవ్వకుండా వింటానంటేనే చెబుతాను. మొన్న ఆదివారం నుంచి విడవలూరులో కనిపించినవాళ్లంతా నా బండి భక్తి గురించే అడుగుతున్నారు. ఆ భక్తి ఎలా వచ్చిందో మీకు మాత్రమే చెబుతున్నా, పైకి పొక్కనీయకండి.

సెకండ్ హ్యాండులో పెద్ద లగ్జరీ బండి కొన్నాను. చక్రాల దగ్గర స్ప్రింగులకు బదులు గాలి సంచులుంటాయి. గాలి నింపితే బండి లేస్తుంది, వదిలితే దిగుతుంది. మా సముద్రపొడ్డు రోడ్ల గుంతలకు ఇంతకన్నా ఏం కావాలి?

మా ఆవిడ కెజియా అలా అనుకోలేదు. వాళ్లమ్మ ఎస్తేరమ్మగారికి మోకాళ్ల నొప్పులు. మొదటిరోజు ఆవిణ్ణి ఎక్కించడానికి నేనూ, పక్కింటి క్రీస్తురాజూ, ఒక ప్లాస్టిక్ స్టూలూ చెమటోడ్చాం. స్టూలు విరిగింది. బండిని దించే రిమోటు ఉందని నాకు ఆ తర్వాతే తెలిసింది.

"మా అమ్మ ఎక్కలేని బండి మనకెందుకయ్యా? వచ్చే వారానికల్లా అమ్మేయాల!"

"రిమోటు నొక్కితే కిందికి దిగుద్దే!"

"ఈరోజు దిగుద్ది. రేపు దిగి లేవదు. అప్పుడు నువ్వు మోస్తావా?"

నాకు పంతం పుట్టింది. ఏమైనా సరే, బండి అమ్మేది లేదు. మాలో కొత్తగా బండి కొంటే చర్చి ముందు నిలబెట్టి అయ్యగారిచేత ప్రార్థన చేయిస్తాం. ఆ ప్రార్థనలో బండి దానంతటదే వంగితే? దేవుడి ముందు వంగిన బండిని కెజియా ఏ ముఖం పెట్టుకుని అమ్మమంటుంది? రిమోటు జేబులో వేసుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు జడ్సన్ అయ్యగారు బానెట్ మీద చేయి పెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆయన మొదలుపెడితే ఇంట్లో అన్నం చల్లారిపోవాల్సిందే. బ్రేకుల్నీ, టైర్లనీ, ఎదురొచ్చే రొయ్యల లారీల్నీ విడివిడిగా ప్రభువుకు అప్పగించి "ఆమెన్" అన్నారు. నేను నొక్కాను.

బండి సుస్సుమంటూ మెల్లగా దిగింది. దాంతోపాటే అయ్యగారి చేయి, చేయి వెనకే అయ్యగారూ వంగారు.

"ప్రభువా! బండి మోకాళ్లూనింది!" అని డెబోరక్క కేకేసింది. సగం సంఘం ఇసకలో మోకాళ్ల మీద పడింది.

మా అత్తగారు ఎవరి సాయమూ లేకుండా ఎక్కి కూర్చుని, "అల్లుడు మంచోడేలే" అంది. పన్నెండేళ్లలో మొదటిసారి. నా గుండె పొంగిపోయింది.

ఇక లేపుదామని మళ్లీ నొక్కాను. లేవలేదు. ఇంకోసారి నొక్కాను. ఇంకాస్త దిగింది.

"ప్రార్థన చాల్లేదేమో అయ్యగారూ," అన్నాడు క్రీస్తురాజు.

అయ్యగారు మళ్లీ బ్రేకుల దగ్గర్నుంచి మొదలుపెట్టారు. నేను జేబులో చేయి పెట్టి నొక్కుతూనే ఉన్నాను, చొక్కా తడిసి ముద్దయింది. మూడో ప్రార్థనకి, మూడో ఆమెన్‌కి బండి లేచింది. సంఘమంతా ఒక్కటే స్తోత్రాలు.

అప్పుడు కెజియా ముందుకొచ్చింది.

"అయ్యగారూ, మందిరం ముందు మోకాళ్లూనిన బండిని ఇంట్లో పెట్టుకోడానికి మేమెంతటోళ్లం? మందిరానికే ఇచ్చేస్తా ఉండాం. నడవలేని పెద్దోళ్లందర్నీ ఆదివారం ఆదివారం మా ఆయనే తీసుకొస్తాడు."

ముసలమ్మలంతా నా చుట్టూ మూగి, ఎవరింటికి ఎన్నింటికి రావాలో చెప్పడం మొదలుపెట్టారు.

నేను కెజియా చెవిలో గొణిగాను. "అది దానంతటది వంగలేదే!"

"తెలుసులే. నొక్కినావు గదా."

"నువ్వు కళ్లు మూసుకోలేదా?"

"నీ పక్కన నిలబడి కళ్లెట్ట మూసుకుంటాను? పో, ప్రార్థనలో రిమోటు నొక్కినానని అయ్యగారికి చెప్పు. ఇప్పుడే బండి వెనక్కి తీసుకుందాం."

అయ్యగారు కళ్లనిండా నీళ్లతో నావైపే చూస్తున్నారు.

"స్తోత్రం!" అన్నాను, అందరికంటే గట్టిగా.